టార్చి పరీక్ష

నిన్న సాయంత్రం బీసెంట్ రోడ్డు పక్క సందులో, టీ కొట్టు బల్ల దగ్గర ఫోను టార్చి వెలిగించి, కొనబోయే సెకండ్ హ్యాండ్ కెమెరా లెన్సులోకి ఒంటికన్నుతో చూస్తుంటే, టీ పోసే బాబాయ్ "ఏందయ్యా, కంటి డాక్టరువా?" అన్నాడు. ఈ డాక్టరీ నాకు ఊరికే రాలేదు.

రెండేళ్ల కిందట ఒకాయన దగ్గర సగం ధరకి 85 ఎంఎం లెన్సు కొన్నా. పైకి పెళ్లికూతురిలా మెరుస్తోంది. ఇంటికొచ్చి వెనక నుంచి లైటు పెడితే లోపలి గాజు మీద సాలెగూడులాంటి తెల్లటి పోగులు. ఫంగస్! కృష్ణ ఒడ్డున ఊరు, వానాకాలం చెమ్మ, బీరువాలో తోలు సంచి. దానికింకేం కావాలి? శుభ్రం చేయించినా కోటింగు తినేసిన మచ్చ పోలేదు. ఎదురెండలో తీస్తే ఫోటో మీద పాలు ఒలికినట్టే.

అయినా సెకండ్ హ్యాండ్ మానలేదు. కెమెరా బాడీ పాతబడినంత త్వరగా లెన్సు పాతబడదు మరి. కానన్ వాళ్ల 85 ఎంఎం ఎఫ్/1.8 వచ్చింది 1992లో, ఇవాళ్టికీ మొహాలు ముచ్చటగా తీస్తుంది. ముందు గాజు మీద సన్న గీత, లోపల నాలుగు నలుసులు ఉంటే మంచిదే, బేరానికి పనికొస్తాయి. వెనక గాజు మీద గీత, లోపల వెలుతురుకి దారి తగ్గించే బ్లేడ్ల మీద నూనె కనపడితే మాత్రం లేచి వచ్చేయడమే.

నిన్నటిది 50 ఎంఎం. కెమెరాకి తగిలించి ఎఫ్/16లో, అంటే బ్లేడ్లు బాగా మూసుకునేలా పెట్టి, వరసగా పది ఫోటోలు కొట్టా, వెలుతురు అన్నిట్లో ఒకేలా వచ్చింది. ఫోకస్ రింగు కాస్త బిగుతు. అమ్మేవాయన్ని ఐదొందలు తగ్గించమన్నా.

టీ డబ్బులు ఆ అమ్మేవాయనే ఇచ్చాడు. తగ్గింది అంతే.