చిత్తప్రసాద్ బొమ్మలు, పిల్లల చేతిలో లినో ముక్క

ఇక్కడ బ్రిటన్ బళ్లలో రెండో ప్రపంచ యుద్ధం పాఠమంటే చర్చిల్ ధైర్యం, లండన్ మీద బాంబులు. 1943 బెంగాల్ కరువు ఊసు తరచుగా ఉండదు. దాన్ని మనం ఇంట్లో చెప్పాల్సిందే. అయితే ఉపన్యాసం కన్నా బెంగాలీ చిత్రకారుడు చిత్తప్రసాద్ గారి బొమ్మలు ముందుపెడితే మాట లోపలికి దిగుతుంది.

1943 నవంబరులో ఆయన మిడ్నపూర్ జిల్లా తిరిగి, కనబడ్డవాళ్లను నల్ల సిరాతో గీశారు. బొమ్మ పక్కన ఆ మనిషి పేరూ ఊరూ రాసుకున్నారు. సర్కారు దాన్ని కరువని అధికారికంగా ప్రకటించను కూడా లేదు. ఆయన పేర్లతో సహా చూపించారు. ఆ బొమ్మలతో వచ్చిన ఆయన 'హంగ్రీ బెంగాల్' పుస్తకం ప్రతులను బ్రిటిష్ వాళ్లు పట్టుకుని తగలబెట్టారు. మన వైపు నాజర్ గారు అదే కరువును బుర్రకథగా చెప్పారు.

పదేళ్లలోపు పిల్లలకు ఎముకలగూళ్ల బొమ్మలు వద్దు. వాళ్లకు పడవ సంగతి చెప్పండి. బర్మా జపాన్ చేతికి పోయాక, శత్రువుకు దక్కకూడదని బెంగాల్ తీరంలో పడవలనూ బియ్యం నిల్వలనూ సర్కారు లాక్కుంది. పడవ లేకపోతే చేపల వేట లేదు, ధాన్యం ఊరు దాటదు. దానికి 1942 అక్టోబరు తుఫాను తోడైంది. ఇంత చెబితే ఎనిమిదేళ్ల పిల్లకూ అర్థమవుతుంది.

తర్వాత ఆ పడవనే అచ్చు వేయించండి. చిత్తప్రసాద్ గారు ఎన్నో బొమ్మలు లినో మీద, అంటే లినోలియం పలక మీద చెక్కారు. ఖర్చు తక్కువ, ఒక దిమ్మె నుంచి చాలా ప్రతులు తీయొచ్చు. పోస్టుకార్డంత, 3 మిల్లీమీటర్ల మందం లినో చాలు. చలికాలంలో అది బిగుసుకుని ఉలి జారుతుంది, అందుకే కాసేపు హీటరు దగ్గర పెట్టి మెత్తబరచండి. ముక్కను చెక్క అంచుకు ఆనించి, పట్టుకున్న చెయ్యి ఎప్పుడూ ఉలికి వెనకే ఉంచాలి. పదేళ్లలోపు వాళ్లకు ఉలి వద్దు. ఫోమ్ షీటు మీద పెన్సిలుతో నొక్కి గీస్తే సరిపోతుంది.

చెక్కిన చోటు తెల్లగా, వదిలిన చోటు నల్లగా పడుతుంది. పిల్లలు తికమకపడేది ఇక్కడే. ముందు నల్ల కాగితం మీద తెల్ల పెన్సిలుతో గీయిస్తే తేలిగ్గా పట్టుకుంటారు. 'పడవ' అని నేరుగా రాసి చెక్కితే అచ్చులో తలకిందులు కాదు, అద్దంలో చూసినట్టు వస్తుంది. ట్రేసింగ్ కాగితం మీద రాసి, తిరగేసి లినోపై రుద్దండి. తెలుగు గుడులూ సున్నాలూ సన్నగా చెక్కితే ఇంకుతో పూడిపోతాయి, అక్షరం కనీసం బొటనవేలి గోరంత ఉండాలి.

ఇంకు అర చెంచా చాలు. రోలరు కింద సన్నగా చిటపటమనాలి. జిగటగా పీకుతుంటే ఎక్కువైనట్టే. నీటి ఇంకు త్వరగా ఆరుతుంది కాబట్టి కాగితం ముందే సిద్ధంగా పెట్టుకుని, చెంచా వెనకవైపుతో మధ్య నుంచి అంచులకు రుద్దండి. మొదటి రెండు ప్రతులు పాలిపోయే వస్తాయి.

బాగా వచ్చిన ప్రతి వెనక 'మిడ్నపూర్, 1943' అని రాయించి టీచరుకు పంపండి.