ఛార్జీల పేజీ చదివారా?

షేర్లలో డబ్బు పెట్టాలని మొదటిసారి అనుకున్నప్పుడు రెండు వారాలపాటు నేను చేసిన పని ఒక్కటే, ఏ బ్రోకర్ దగ్గర బ్రోకరేజీ, అంటే కొన్నా అమ్మినా వాళ్లు తీసుకునే కమీషన్, ఎంతో పట్టిక వేసుకోవడం. అసలు ఏం కొనాలి, ఎందుకు కొనాలి అన్నదానికి అందులో సగం టైమ్ కూడా పెట్టలేదు. చివరికి "బ్రోకరేజీ సున్నా" అన్న ఒక యాప్‌లో ఖాతా తెరిచి, ఏదో ఘనకార్యం చేసినట్టు తెగ మురిసిపోయాను. ఏడాది తర్వాత తీరిగ్గా స్టేట్‌మెంట్ తెరిస్తే, ఖాతా నిర్వహణ పేరుతో కొంత, విదేశీ ఫండ్ కొన్న ప్రతిసారీ కరెన్సీ మార్పిడి పేరుతో ఇంకొంత పోయి ఉంది. వాళ్లేమీ దాచలేదు, ఛార్జీల పేజీలో అన్నీ రాసే ఉన్నాయి. చదవంది నేనే.

ఈ సున్నా వెనక పెద్ద కథే ఉంది. 1792లో న్యూయార్క్‌లో 24 మంది బ్రోకర్లు కూర్చుని, పావు శాతానికి తగ్గి ఎవరూ కమీషన్ తీసుకోకూడదని ఒప్పందం రాసుకున్నారు. అమెరికాలో ఇలా ముందే ఖాయం చేసుకున్న కమీషన్లకు 1975 మే 1న గానీ తెరపడలేదు. తక్కువ కమీషన్‌కే పని చేసిపెట్టే డిస్కౌంట్ బ్రోకర్ల జోరు ఆ తర్వాతిదే. 2019 అక్టోబరులో ఛార్లెస్ ష్వాబ్ సంస్థ కమీషన్ ఎత్తేస్తే, పోటీలో ఉన్న పెద్ద సంస్థలు కూడా కొద్ది రోజుల్లోనే ఎత్తేశాయి. మరి వాళ్లకు గడిచేదెలా అంటే, మన ఖాతాలో ఊరికే పడి ఉన్న డబ్బు మీద వచ్చే వడ్డీ ఉంది, అప్పిచ్చి ట్రేడింగ్ చేయించడం ఉంది, మన ఆర్డర్లను ఫలానా మార్కెట్ మేకర్‌కే (షేర్లు కొనడానికీ అమ్మడానికీ ఎప్పుడూ సిద్ధంగా ఉండే సంస్థకే) పంపి వాళ్ల దగ్గర డబ్బు పుచ్చుకోవడం ఉంది. ఈ చివరిది బ్రిటన్‌లో నిషేధం, అమెరికాలో మామూలే.

ఇంతకీ ఏళ్ల తరబడి ఉంచుకుందామని కొనేవాళ్లకి కొనేటప్పుడు కట్టే కమీషన్ అంత పెద్ద విషయం కాదని నాకు ఆలస్యంగా అర్థమైంది. అది ఒక్కసారి కట్టేది. ఏటా కట్టేదే అసలు దెబ్బ. మొత్తం పెట్టుబడి విలువ మీద ఏడాదికి అర శాతం అంటే చిన్నగానే అనిపిస్తుంది, కానీ 30 ఏళ్లలో చివరికి చేతికి రావాల్సిన మొత్తంలో దాదాపు 14 శాతం దానికే పోతుంది. ఒక శాతమైతే 26 శాతం! అందుకని బ్రోకర్ ఫీజు శాతంలో తీసుకుంటున్నాడా, ఏడాదికి ఇంత అని ఒకే మొత్తం తీసుకుంటున్నాడా అన్నది ముందు చూడండి. చిన్న మొత్తంతో మొదలుపెట్టేవాళ్లకి శాతమే నయం, ఎందుకంటే ఆ ఒకే మొత్తం వాళ్లకి చాలా బరువు. డబ్బు పెరిగేకొద్దీ లెక్క తిరగబడుతుంది.

ఆర్డర్‌కి ఇంత అని తీసుకునే చోట ఇంకో చిక్కు. నెలకు 100 పెట్టి దానికి 2 ఫీజు కడితే, పెట్టిన రోజే 2 శాతం నష్టంతో మొదలైనట్టు. అదే మూడు నెలలది కలిపి 300 ఒకేసారి పెడితే ఆ 2 కాస్తా 0.67 శాతానికి దిగుతుంది.

బయటికి వెళ్లే దారి కూడా ముందే చూసుకోవాలి, ఇది మాత్రం ఎవరూ చూడరు. షేర్లను అమ్మకుండానే ఇంకో బ్రోకర్‌కి మార్చుకోవచ్చా, దానికి ఎంత తీసుకుంటారు? కొందరు ఒక్కో కంపెనీ షేర్లకి విడివిడిగా వసూలు చేస్తారు. షేర్లు మన పేరు మీద ఉంటాయా, మన తరఫున షేర్లు పెట్టుకోవడానికి బ్రోకర్ నడిపే నామినీ సంస్థ పేరు మీద ఉంటాయా, మన డబ్బు వాళ్ల సొంత డబ్బులో కలవకుండా విడిగా ఉంటుందా అన్నది కూడా అడగండి. 2011లో ఎంఎఫ్ గ్లోబల్ అనే పెద్ద బ్రోకరేజీ సంస్థ కూలినప్పుడు ఖాతాదారుల సొమ్ములో ఏకంగా 160 కోట్ల డాలర్ల లోటు తేలింది. చివరికి తిరిగి వచ్చింది గానీ, ఏళ్లు పట్టింది. చవకగా ఉన్నాడు కదా అని లైసెన్స్ సంగతి తెలియనివాడి దగ్గరికి మాత్రం వెళ్లొద్దు.

ఇక యాప్. నా మొదటి యాప్ చాలా అందంగా ఉండేది, అదే దాంతో వచ్చిన తంటా. పొద్దున్నే ఒక నోటిఫికేషన్, ఎరుపూ ఆకుపచ్చా అంకెలు, "ఈ రోజు దూసుకెళ్తున్న షేర్లు" అని ఒక జాబితా. దీర్ఘకాలం అనుకుని కొన్నవాడిని మూడు నెలల్లో పదకొండు సార్లు అమ్మి కొన్నాను! బ్రాడ్ బార్బర్, టెరెన్స్ ఓడియన్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు 1991 నుంచి 1996 వరకు 66,465 కుటుంబాల ఖాతాలు పరిశీలిస్తే, అతిగా కొని అమ్మినవాళ్లకి ఏడాదికి 11.4 శాతం వచ్చింది, అదే కాలంలో మార్కెట్ ఇచ్చింది 17.9 శాతం. అప్పట్లో కమీషన్లు ఎక్కువే, కాదనను. కానీ ఇప్పుడు కమీషన్ లేదు కదా అనే ధైర్యమే చేతిని ఇంకా దురద పెట్టిస్తుంది, నా సంగతి నాకు తెలుసు.

ఇప్పుడున్న బ్రోకర్ నేను ఏదైనా కొంటే కొద్దిగా కమీషన్ తీసుకుంటాడు, ఏటా ఫీజు లేదు, యాప్ చూస్తే పాతకాలం బ్యాంకు ఫారంలా ఉంటుంది. ఒక మార్కెట్ సూచీలో ఉన్న షేర్లన్నీ కలిపి కొనే ఇండెక్స్ ఫండ్‌ని నెలకోసారి దానంతటదే కొనేలా పెట్టేశాను. ఈ ఏడాది రెండుసార్లు పాస్‌వర్డ్ మర్చిపోయి రీసెట్ చేసుకోవాల్సి వచ్చింది.