రెండు బంట్లు మూడింటి మీదికి ఎందుకు వెళ్తాయి?

చదరంగంలో మైనారిటీ ఎటాక్ (తక్కువ బంట్లతో ఎక్కువ బంట్ల మీద దాడికి దిగడం) నిన్న రాత్రి పూర్తిగా అర్థమైంది. ఆ ఊపులోనే రాసేస్తున్నాను.

నిమ్జోవిచ్ 1925 నాటి పుస్తకం 'మై సిస్టమ్'తో మొదలుపెట్టాను. ఒంటరి బంటు ముందు గడిలో గుర్రాన్ని కూర్చోబెట్టడం, బంట్ల గొలుసును అడుగున కొట్టడం తేలిగ్గానే బుర్రకెక్కాయి.

చిక్కంతా క్వీన్స్ గ్యాంబిట్ ఎక్స్ఛేంజ్ అనే ఓపెనింగ్ (ఆట మొదట్లో ఆడే ఎత్తుల వరుస) దగ్గరే. గడి పేరులో అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస. వైట్ సి4 బంటు డి5లో కొడుతుంది, బ్లాక్ ఇ6 బంటు తిరిగి కొడుతుంది. ఇక బోర్డు మంత్రి వైపు వైట్‌కు ఏ, బి బంట్లు రెండే, బ్లాక్‌కు ఏ, బి, సి మూడు. అయినా వైట్ బి4, బి5 అంటూ అక్కడే దాడికి దిగుతుంది. బలం తక్కువున్న చోట దాడేంటని కోచింగ్‌లో అడిగాను. "ముందు లైను (ఎత్తుల వరుస) బట్టీ పట్టండి, ఇవన్నీ రేటింగ్ పెరిగాక" అన్నారు, చిన్నపిల్లలందరి ముందూ. వాళ్లు నవ్వారు. ఆ మంట ఇంకా చల్లారలేదు. ఫ్రెంచ్ ఆటగాడు ఫిలిడోర్ 1749లోనే బంట్లు ఆటకు ప్రాణమని రాశాడు. ఫీజు తీసుకునేవాళ్లు ఆ ప్రాణం గురించి చెప్పకపోతే ఇంకేం నేర్పుతున్నట్టు?

చివరికి సోల్టిస్ 1976 నాటి 'పాన్ స్ట్రక్చర్ చెస్' ముందు పెట్టుకుని, బోర్డు మీద పావులన్నీ తీసేసి బంట్లు మాత్రమే ఉంచాను. వైట్ బి5 బంటు సి6లో ఉన్న బ్లాక్ బంటును కొడుతుంది, బ్లాక్ బి7 బంటు తిరిగి కొడుతుంది. ఇప్పుడు సి6 బంటుకు పక్కన బి బంటు లేదు. డి5 బంటేమో ముందుకు వెళ్లిపోయింది, వెనక్కొచ్చి కాయలేదు. సి నిలువు వరుసలో వైట్ బంటు లేదు కాబట్టి ఏనుగులు నేరుగా సి6 మీద గురిపెడతాయి. పోనీ బ్లాకే ముందుగా సి6తో బి5లో కొట్టేస్తే? డి5 ఒంటరైపోతుంది. వైట్‌కు కావాల్సింది ఎక్కువ బంట్లు కాదు, ఎదుటివాడి దగ్గర ఒక బలహీనమైన బంటు!

బ్లాక్ కూడా ఊరుకోదు. బి4 ఆడాక సి4 గడిని కాయడానికి వైట్‌కు బి3 ఎత్తు ఉండదు, అక్కడ గుర్రం దిగితే వైట్‌కు తలనొప్పే. లేదా రాజు వైపు దాడి మొదలుపెడుతుంది. ఇప్పుడు ఈ ఓపెనింగ్‌లో ఏ గేమ్ చూపించినా వైట్ ఏనుగు బి బంటుకు వెనక నుంచి దన్నుగా బి1కి ఎందుకు వెళ్లిందో బట్టీ లేకుండా చెప్పగలను.

క్మోఖ్ రాసిన 'పాన్ పవర్ ఇన్ చెస్' మాత్రం మొదట్లో ముట్టుకోకండి. బంట్ల స్థితులకు ఆయన సొంతంగా పెట్టిన పేర్లు బోలెడు, అవి గుర్తుపెట్టుకోవడానికే ఓపికంతా అయిపోతుంది. సోల్టిస్ తర్వాత చదవండి, అప్పుడు పనికొస్తుంది.