సాగ్ కర్వ్ లేబుల్‌లో లో పాయింట్ వదిలేయకండి

తిరుపతి, చిత్తూరు వైపు రోడ్డు పనులకి ప్రొఫైల్ షీట్లు (రోడ్డు ఎత్తుపల్లాలు చూపే డ్రాయింగులు) గీస్తున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఒక్క మాట. పీవీఐ (రెండు వాలు గీతలు కలిసే బిందువు) చైనేజీ (రోడ్డు వెంబడి దూరం), లెవెల్, కర్వ్ పొడవు, కే విలువ (కర్వ్ పొడవుని గ్రేడుల, అంటే వాలు శాతాల, తేడాతో భాగిస్తే వచ్చేది) వేసేసి షీటు ప్రింటుకిస్తే సాగ్ (రోడ్డు దిగి మళ్లీ ఎక్కే పల్లపు వంపు) దగ్గర పని సగమే అయినట్టు.

లెక్క చూడండి. మైనస్ 4 శాతం దిగి ప్లస్ 1 శాతం ఎక్కే చోట 100 మీటర్ల కర్వ్ ఉంది. గ్రేడుల తేడా 5, కాబట్టి కే 20. అసలు పల్లం, అంటే లో పాయింట్, కర్వ్ మొదలు నుంచి 80 మీటర్ల దగ్గర వస్తుంది, అంటే పీవీఐ దాటి 30 మీటర్లు. అక్కడ రోడ్డు పీవీఐ చైనేజీ దగ్గరికంటే 22.5 సెంటీమీటర్లు కిందికి ఉంటుంది. షీటులో పీవీఐ ఒక్కటే కనిపిస్తే సైటువాళ్లు పైపు కల్వర్టు అక్కడే పెట్టేస్తారు. వానొస్తే నీళ్లు 30 మీటర్ల అవతల నిలుస్తాయి. తర్వాత తవ్వి సరిచేయడం ఎంత ఖర్చో మీకే తెలుసు.

సివిల్ 3డీ సాఫ్ట్‌వేర్‌లో ప్రొఫైల్ గీతని సెలెక్ట్ చేసి, రైట్ క్లిక్ కొట్టి, ఎడిట్ లేబుల్స్‌లోకి వెళ్లండి. క్రెస్ట్ కర్వ్స్ (పైకి ఉబ్బిన వంపులు), సాగ్ కర్వ్స్ వేర్వేరు రకాలు, రెండూ విడివిడిగా యాడ్ చేయాలి. ఒకటి మర్చిపోతే ఆ రకం కర్వులన్నీ లేబుల్ లేకుండానే ప్రింటవుతాయి. సాగ్ స్టైల్ టెక్స్ట్‌లో లో పాయింట్ చైనేజీ, లెవెల్ కలపండి. లేబుళ్లు గీత మీద పడి చదవలేకపోతుంటే డైమెన్షన్ యాంకర్‌ని (లేబుల్ ఎక్కడ కూర్చోవాలో చెప్పే సెట్టింగుని) గ్రాఫ్ పైఅంచుకి మార్చండి.

భాకరాపేట ఘాట్ లాంటి చోట ఇంకో సంగతి. 5 శాతం ఎక్కుడు 2 శాతానికి తగ్గితే అదీ క్రెస్టే, కానీ శిఖరం కర్వ్ లోపల ఉండదు. అలాంటివాటికి హై పాయింట్ లేని స్టైల్ వేరుగా పెట్టుకోండి.