గడ్డిలో కాటుక కళ్ళు

ఆదివారం. నాలుగున్నరకే లేచి మెహదీపట్నంలో బావ కారెక్కాను. శంకర్‌పల్లి దాటి ఎన్కతల గడ్డిమైదానం చేరేసరికి అప్పుడప్పుడే తెల్లారుతోంది. హారియర్లనే డేగలాంటి వేటపక్షులను చూడాలని వెళ్ళాం.

మోకాలెత్తు గడ్డిలో నడుస్తుంటే నాలుగడుగుల ముందు నుంచి ఓ పిట్ట లేచింది. రెక్కల చప్పుడు బొత్తిగా లేదు. గుండె ఝల్లుమంది. హారియరే అనుకున్నా, కానీ తల మరీ గుండ్రం, మెడ ఉందా అనిపించేంత పొట్టి. పొడవాటి రెక్కలు మెల్లగా, లోతుగా ఊపుతూ సీతాకోకచిలుకలా తేలిపోయింది. రెక్క కింద తెల్లగా ఉంది, రెక్క వంగే మణికట్టు దగ్గర మాత్రం ఒక నల్లటి మచ్చ.

"గ్రాస్ ఔల్ రా, గడ్డి గుడ్లగూబ!" అన్నాడు బావ. నాకు నమ్మకం కుదరలేదు. అది పగలు ఇలా తిరగడం అరుదు.

అదృష్టం, అరవై అడుగుల అవతల మట్టిదిబ్బ మీద వాలి మా వైపు తల తిప్పింది. బైనాక్యులర్లో పసుప్పచ్చ కళ్ళు! చుట్టూ కాటుక చెదిరినట్టు నలుపు. గ్రాస్ ఔల్‌కైతే కళ్ళు నల్లగా, ముఖం తమలపాకులా ఉంటుంది. దీని ముఖం గుండ్రం. ఛాతీ మీద ముదురు చారలు, పొట్ట దగ్గరికొచ్చేసరికి పలచబడ్డాయి. షార్ట్ ఇయర్డ్ ఔల్, అంటే పొట్టి చెవుల గుడ్లగూబ! పేరులో ఉన్న చెవులు మాత్రం కనిపించలేదు. అవి అసలు చెవులు కావు, చిన్న ఈకల కుచ్చులు. ఎక్కువగా అణిగే ఉంటాయి. వాటి కోసం చూస్తూ కూర్చుంటే గుర్తుపట్టలేం, కళ్ళూ రెక్కలే చూడాలి.

గొర్రెలు తోలుకొస్తున్న తాత ఆగాడు. "ఏం జూస్తున్నరు సారూ?"

"గుడ్లగూబ, తాతా."

"పొద్దుగాల గూబ చెట్టు తొర్రల ఉంటది గాని, గడ్డిల యాడుంటది?"

బైనాక్యులర్ ఇచ్చా. చాలాసేపు చూశాడు. "ఇన్నేండ్లు ఈడనే మేపుతున్న, ఎన్నడు సూడలే" అన్నాడు. రష్యా, మంగోలియా దిక్కు నుంచి చలికాలం గడపడానికి వస్తుందనీ, చెట్టెక్కకుండా ఈ గడ్డిలోనే నేలమీద పడుకుంటుందనీ, ఎలుకలు తింటుందనీ చెప్పాను. గూబ కనపడితే కీడంటారు కదా అని అడుగుతాడేమో అనుకున్నా. అడగలేదు.

ఇలాంటి నేలను రికార్డుల్లో బంజరు అని రాస్తారు. చెట్లు లేవు కాబట్టి ఏమీ లేదనుకుంటారు. ప్లాట్ల రాళ్ళు పాతినా, మంచి మనసుతో మొక్కలు నాటినా ఆ పిట్టకు చోటు పోయినట్టే. ఈ మాట తలుచుకుంటే కడుపులో దేవినట్టుంటుంది.

ఫోటో కోసం ఇంకొంచెం దగ్గరికి పోదామన్నాడు బావ. వద్దన్నాను. తెలియక ఒకసారి లేపాం, చాలు. తాత ఏమీ అనకుండా మందను దిబ్బ వైపు కాకుండా వాగు వైపు మళ్ళించాడు. మేమూ అటు నుంచే చుట్టు తిరిగి కారు దగ్గరికొచ్చాం. ఇంటికొచ్చి ప్యాంటుకి గుచ్చుకున్న గడ్డి ముళ్ళు ఏరడానికి అరగంట పట్టింది.