పాత వంట పుస్తకాల పెట్టె విప్పాక

పాత వంట పుస్తకం చేతికి రాగానే నేను ముందు తేల్చుకునేది ఒక్కటే: ఇది పొయ్యి పక్కన పనిచేసే పుస్తకమా, తీరిగ్గా కూర్చుని చదువుకునే పుస్తకమా? దుమ్ము దులపడం, అతికించడం, చివరికి ఎవరికివ్వాలన్నది కూడా ఆ జవాబును బట్టే ఉంటుంది. వండుకునే పుస్తకం బల్ల మీద పెడితే తెరుచుకుని నిలవాలి, కొలతలు అర్థం కావాలి, మరకలున్నా ఫర్వాలేదు. చదువుకునే పుస్తకంలో ముద్రణ సంవత్సరం, పాత ప్రకటనలు, మార్జిన్లో చేతిరాతలు ముఖ్యం. దాన్ని మరీ శుభ్రం చేస్తే ఉన్న విలువ కాస్తా పోతుంది.

పెట్టెను ఎప్పుడూ నేరుగా అలమర దగ్గరికి తీసుకెళ్లను. వేరే గదిలో విప్పి, ఒక్కో పుస్తకాన్నీ మధ్యకు తెరిచి వాసన చూస్తాను. వెన్ను లోపల, కుట్టు దగ్గర టార్చి వేసి చూస్తాను. సన్నటి పొడి రాలుతున్నా, పేజీల అంచుల్లో కొరికిన గుర్తులున్నా పురుగు ఉన్నట్టే అనుకోవాలి. అలాంటి దాన్ని జిప్ సంచిలో పెట్టి, గాలి పిండేసి, ఇంటి ఫ్రీజర్లో మైనస్ 18-20 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచుతాను. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పను. చల్లటి కాగితానికి వెచ్చటి గాలి తగిలితే పేజీల మీదే నీరు పడుతుంది, పురుగు పోయి బూజు వస్తుంది.

బూజు పట్టిన పుస్తకాన్ని ఎండలో ఆరేయాలని అందరికీ అనిపిస్తుంది. ఎండకు సిరా వెలుస్తుంది, అట్ట వంకర తిరుగుతుంది. గాలి ఆడే నీడలో, పేజీలు విసనకర్రలా విచ్చుకునేలా నిలబెట్టి పూర్తిగా ఆరనిస్తాను. బూజు పొడిగా మారాకే ఆరుబయట, ఎన్95 మాస్క్ పెట్టుకుని మెత్తటి బ్రష్‌తో వెన్ను నుంచి అంచు వైపు దులుపుతాను. తడి గుడ్డతో తుడిస్తే బూజు కాగితం పోగుల్లోకి ఇంకిపోతుంది, ఆ మచ్చ ఇక పోదు. ఆ తర్వాత ఉంచే చోట గాలిలో తేమ 50 శాతం దాటకుండా చూసుకోవాలి. 65 దాటితే బూజు మళ్లీ లేస్తుంది.

ముక్కవాసనకు సెంట్లు, స్ప్రేలు కొట్టకూడదు. మూత ఉన్న డబ్బా అడుగున గిన్నెలో వంటసోడా గానీ బొగ్గుపొడి గానీ పోసి, పైన జాలీ మీద పుస్తకం నిలబెట్టి, వారానికోసారి పొడి మారుస్తాను. పేజీల మీద సోడా చల్లమని కొందరు చెబుతారు. ఆ రేణువులు కుట్టు సందులో ఇరుక్కుంటే తీయడం ఎవరివల్లా కాదు.

ఇక మరకలు. ఎండిన పిండి, చక్కెర పెచ్చుల్ని మొద్దు చాకు అంచుతో మెల్లగా లేపితే వచ్చేస్తాయి. పాత నూనె మరక పోదు. కాగితంలోకి ఇంకి, ఆ భాగాన్ని గాజులా చేసేస్తుంది, దాంతో కుస్తీ పట్టకుండా వదిలేయడమే మేలు. నున్నటి మెరుపు కాగితం మీద ఫొటోలున్న పుస్తకం ఎప్పుడో తడిసి పేజీలు అతుక్కుపోతే లాగకండి. పైపూత కరిగి పక్క పేజీతో ఒకటై ఉంటుంది, లాగితే బొమ్మే ఊడివస్తుంది. అసలు మరక లేని వంట పుస్తకాన్ని నేను కాస్త అనుమానంగానే చూస్తాను. దానంతటదే తెరుచుకునే పేజీ, నూనె చేతుల గుర్తులు, పక్కన 'ఉప్పు తగ్గించాలి' అన్న పెన్సిల్ గీత: ఆ పుస్తకంలో ఏ వంట నిజంగా కుదురుతుందో చెప్పే సాక్ష్యం అదే. సేకరించడంలో సగం సరదా అక్కడే ఉంది.

పేజీల మధ్య దొరికే పత్రిక ముక్కలు మాత్రం తీసేయాలి. న్యూస్‌ప్రింట్‌లోని ఆమ్లం పక్క పేజీ మీద అచ్చం తన ఆకారంలోనే గోధుమరంగు మచ్చ వేస్తుంది. తీసి పారేయను. ఏ పేజీ దగ్గర దొరికిందో కవరు మీద రాసి, పుస్తకంతోపాటే ఉంచుతాను. ఉత్తరాలు, బిల్లులు, చిరునామాలు ఉంటే పాత యజమానికి తిరిగిస్తాను.

చిరుగులకు సెల్లో టేప్ పనికిరాదు. కొన్నేళ్లకు ప్లాస్టిక్ ఊడిపోయి, జిగురు మాత్రం పసుపు చారలా మిగులుతుంది. పుస్తకాల మరమ్మతుకు వాడే సన్నటి జపాన్ టిష్యూ కాగితాన్ని కత్తిరించకుండా చేత్తో చింపి, గోధుమ స్టార్చ్ జిగురుతో అతికిస్తాను. ఒక వంతు స్టార్చ్‌కు నాలుగైదు వంతుల నీళ్లు, సన్నటి మంట మీద కలుపుతూ చిక్కబడేదాకా ఉడికించి, చల్లారాక వడకట్టాలి. రాసేది పలచగా ఉండాలి. ఎక్కువైతే కాగితం ముడతపడుతుంది. అతికించాక అద్దుడు కాగితం పెట్టి బరువు కింద రాత్రంతా ఉంచాలి. స్టార్చ్ జిగురైతే రేపు ఎవరైనా తడిపి విప్పుకోవచ్చు, తెల్ల బాండ్ జిగురు అలా రాదు. చిన్న పుస్తకాల్లో తుప్పు పట్టిన పిన్నులు తీసేసి, అవే రంధ్రాల్లోంచి నారదారంతో కుడతాను. పొయ్యి పక్కకు వెళ్లే పుస్తకమైతే ఇంత పట్టింపు అక్కర్లేదు. ప్లాస్టిక్ స్పైరల్ విరిగితే కొత్తది వేయిస్తే చాలు.

పంతొమ్మిదో శతాబ్దం నడిమి కాలపు పుస్తకం, గుడ్డ అట్ట మెరిసే పచ్చరంగులో ఉంటే చేతి తొడుగులు వేసుకోండి. ఆ కాలపు కొన్ని పచ్చరంగుల్లో ఆర్సెనిక్ అనే విషం ఉండేది. దాన్ని జిప్ సంచిలో విడిగా ఉంచుతాను, వంటగది వైపు పోనివ్వను.

ఇచ్చే ముందు లోపలి విషయమూ చూడాలి. ఒకే పేరున్న కొలత అన్ని పుస్తకాల్లో ఒకటి కాదు. బ్రిటిష్ పైంట్ 568 మిల్లీలీటర్లు, అమెరికన్ పైంట్ 473. ఆస్ట్రేలియా టేబుల్ స్పూను 20 మిల్లీలీటర్లయితే మిగతా చాలా చోట్ల 15. ఏ దేశపు ముద్రణో కాపీరైట్ పేజీలో చూసి, ఒక చీటీ మీద లెక్కలు రాసి లోపల పెడతాను. సీసాల్లో నిల్వచేసే అధ్యాయాల దగ్గర ఇంకా గట్టి హెచ్చరిక రాస్తాను. పులుపు లేని కూరగాయలు, మాంసం సీసాల్లో పెట్టి మరిగే నీటిలో ఉంచితే చాలంటాయి కొన్ని పాత పుస్తకాలు. బోటులిజం అనే ప్రాణాంతక ఆహార విషాన్ని కలిగించే క్రిమి బీజాలు 100 డిగ్రీలకు చావవు, సీసాలను ఆవిరి ఒత్తిడితో ఉడికించే ప్రెషర్ క్యానర్‌లో 116 డిగ్రీల పైన ఉడకాలి. ఆ పేజీ చదువుకోవడానికే, చేయడానికి కాదు.

కొత్త ఇల్లు వెతకడంలో తొందర పనికిరాదు. రోజూ వండేవాళ్లకు కొలతలు స్పష్టంగా ఉన్నవీ, ముద్రణ చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లకు చేతిరాతలున్నవీ ఇస్తాను. లైబ్రరీకి ఇవ్వాలనుకుంటే ముందు అడిగి, పేరు, సంవత్సరం, ఐఎస్‌బీఎన్ (పుస్తకపు గుర్తింపు సంఖ్య) ఉంటే అదీ పంపండి. 1970కి ముందువాటికి ఆ సంఖ్య సాధారణంగా ఉండదు. చెప్పకుండా తెచ్చి వదిలేసిన పెట్టెలు చాలాసార్లు చిత్తుకాగితాలకే పోతాయి. దారంలా సాగే బూజు ఇంకా బతికున్న పుస్తకాన్ని ఎవరికీ ఇవ్వను. అది చేరిన అలమరలో మిగతావాటికీ అంటుతుంది. అందులోంచి పనికొచ్చే వంటల్ని ఫొటో తీసి దాచుకుని, పుస్తకాన్ని సంచిలో మూటగట్టి చెత్తలో వేస్తాను.