32 బిట్ విండోస్ 7లో స్టాక్‌ఫిష్: ఏనుగుల ఎండ్‌గేమ్ దగ్గరే ఆగిపోతోంది

ఈసారి కూడా చదరంగం ఆడే ప్రోగ్రామ్ (ఇంజిన్) స్టాక్‌ఫిష్ ఆట గెలవబోతూ, చెప్పాపెట్టకుండా లేచి వెళ్లిపోయింది. అంబాజీపేటలో మా కొబ్బరి కొట్టులో ఉన్న కోర్ 2 డ్యుయో ఈ7500 యంత్రం మీద, 32 బిట్ విండోస్ 7లో, గంటల తరబడి నిలకడగా ఆడే ఇంజిన్ ఇరువైపులా ఏనుగులూ బంట్లూ మాత్రమే మిగిలేసరికి ఆగిపోతోంది. 64 బిట్ విండోస్ వేసుకోవచ్చు కదా అని అడగబోయేవారికి ముందే చెబుతున్నాను: కాయల లెక్కలు రాసే మా బిల్లింగ్ ప్రోగ్రామ్ డాస్ కాలపు 16 బిట్‌ది, అటువంటివాటిని 64 బిట్ విండోస్ నడపదు, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద ఆ బిల్లు రానిదే మా గుమాస్తాగారు లారీని కదలనివ్వరు.

ఇంట్లో ఉన్న లినక్స్ ల్యాప్‌టాప్ మీద విండోస్ ప్రోగ్రాములు తయారుచేసే మింగ్‌డబ్ల్యూ కంపైలర్‌తో స్టాక్‌ఫిష్ 15ను 32 బిట్‌కు సరిపడే ఎక్స్86-32-ఎస్‌ఎస్‌ఈ2 రకంగా కంపైల్ చేయడం సాఫీగా జరిగిపోయింది. ఇంజిన్ వేగాన్ని కొలిచే బెంచ్ పరీక్షలో ఒక్కో థ్రెడ్‌కు సెకనుకు లక్ష నోడ్లకు (అది పరిశీలించే స్థితులకు) కాస్త అటూ ఇటూగా వస్తున్నాయి. స్థితిని న్యూరల్ నెట్‌వర్క్‌తో అంచనా వేయించే యూజ్ ఎన్‌ఎన్‌యూఈ ఆప్షన్ తీసేస్తే వేగం దాదాపు మూడింతలవుతోంది గాని, ఆ వేగం కోసం ఎన్‌ఎన్‌యూఈని వదులుకోవడం నా దృష్టిలో నష్టబేరమే.

ఇక అసలు తలనొప్పి. కొద్ది పావులే మిగిలిన ప్రతి స్థితికీ ఫలితాన్ని ముందే లెక్కకట్టి ఉంచిన ఫైళ్లే సిజిజీ టేబుల్‌బేస్. అందులో ఐదు పావుల సెట్టు మొత్తం, అంటే 939 ఎంబీ, డిస్కులో ఉంది. ఆరు పావుల సెట్టు పూర్తిగా దించుకోవాలంటే 150 జీబీ దాకా కావాలి కాబట్టి, ఏనుగులూ బంట్లూ ఉన్న ఫైళ్లు కొన్నింటిని, అవీ గెలుపోటములు చెప్పే డబ్ల్యూడీఎల్ ఫైళ్లను మాత్రమే తెచ్చుకున్నాను. వీటిలో ఒక్కొక్కటీ వందల ఎంబీ ఉంటుంది. తెల్లకు రాజు, ఏనుగు, రెండు బంట్లు, నల్లకు రాజు, ఏనుగు, ఒక బంటు, ఒక పావు పోగానే ఆరు పావుల ఫైలు అవసరమయ్యే ఈ ఏడు పావుల స్థితిని పెట్టి, హాష్‌కు (చూసిన స్థితులను గుర్తుంచుకునే మెమరీకి) 1024 ఎంబీ ఇచ్చి ఆలోచించమంటే, తొమ్మిదో లోతు దాటకముందే ఇంజిన్ మాయమవుతోంది. ఇంజిన్‌ను నడిపే చదరంగం ప్రోగ్రామ్ అరీనా లాగ్‌లో ఆఖరి ఇన్ఫో పంక్తి తర్వాత ఏమీ లేదు. టాస్క్ మేనేజర్ చూస్తే ర్యామ్ ఇంకా జీబీకి పైగా ఖాళీగానే ఉంది, అందువల్ల మొదట మెమరీ మీద నాకు అనుమానమే రాలేదు. ఫైలు పాడై ఉంటుందనుకుని చెక్‌సమ్‌లు చూశాను, అన్నీ సరిపోయాయి.

అరీనాను పక్కన పెట్టి, కమాండ్ ప్రాంప్ట్‌లో ఇంజిన్‌ను నేరుగా నడిపినప్పుడు అసలు మాట బయటపడింది: మ్యాప్‌వ్యూఆఫ్‌ఫైల్ (ఫైలును మెమరీలోకి మ్యాప్ చేసే విండోస్ ఫంక్షన్) విఫలమైంది, ఎర్రర్ 8, అంటే మెమరీ చాలలేదని. స్టాక్‌ఫిష్ టేబుల్ ఫైలును ముక్కలుగా చదవదు. మొదటిసారి అవసరమైనప్పుడు ఫైలు మొత్తాన్నీ తన అడ్రస్ స్పేస్‌లోకి (ప్రోగ్రామ్ వాడుకోగల మెమరీ చిరునామాల పరిధిలోకి) మ్యాప్ చేసుకుంటుంది, అది కుదరకపోతే అక్కడికక్కడే ప్రోగ్రామ్‌ను ముగించేస్తుంది. 32 బిట్ విండోస్‌లో ఒక్కో ప్రాసెస్‌కు దక్కే అడ్రస్ స్పేస్ 2 జీబీ మాత్రమే, ర్యామ్ ఎంత ఉన్నా అంతే. అందులో సగం హాష్‌కే పోతోంది. మిగిలిన సగంలో ఎక్జీ, నెట్‌వర్క్, డీఎల్‌ఎల్‌లు చోటు తీసుకున్నాక, ఫైలుకు కావలసింది ఎక్కడా తెగని ఒకే ఖాళీ. ఇంజిన్ ఆగడానికి కాస్త ముందు ఆ చోటును ఏవి ఎంత తీసుకున్నాయో చూపే వీఎమ్‌మ్యాప్‌లో చూస్తే అతిపెద్ద ఖాళీ 212 ఎంబీ. ఊరంతా ఖాళీ స్థలాలే ఉన్నా ఇల్లు కట్టడానికి సరిపడే ఒక్క బిట్టూ దొరకనట్టుగా ఉంది వ్యవహారం.

ఎన్ని పావుల టేబుళ్ల దాకా చూడాలో చెప్పే సిజిజీ ప్రోబ్ లిమిట్‌ను 5కు తగ్గిస్తే ఇదే స్థితిలో రాత్రంతా నడిచింది. 6కు పెంచి హాష్ 512 ఇస్తే కొన్ని నిమిషాలు ఆడి ఆగింది, 256 అయితే ఆగలేదు. వరుస మార్చి, టేబుళ్లన్నీ మ్యాప్ అయ్యాక హాష్‌ను 256 నుంచి 512కు పెంచితే ఈసారి టేబుల్ బదులు హాష్‌కే చోటు దొరకలేదని చెప్పి ముగించింది. ఖాళీ మధ్యలో అడ్డంగా కూర్చున్న డీఎల్‌ఎల్‌లలో కొన్ని యాంటీవైరస్‌వని నా అనుమానం, ఎందుకంటే దాన్ని ఆపినప్పుడు అతిపెద్ద ఖాళీ 300 ఎంబీ దాటింది.

2 జీబీకి మించిన అడ్రస్ స్పేస్ వాడుకోనిచ్చే లార్జ్ అడ్రస్ అవేర్ ఆప్షన్‌ను లింకర్‌కు ఇచ్చి మళ్లీ కంపైల్ చేశాను గాని, 32 బిట్ విండోస్‌లో అదొక్కటే చాలదు, బూట్ సెట్టింగులు మార్చే బీసీడీఎడిట్‌తో, ప్రోగ్రామ్‌కు ఎన్ని ఎంబీల అడ్రస్ స్పేస్ ఇవ్వాలో చెప్పే ఇంక్రీజ్‌యూజర్‌వీఏను కూడా పెంచాలి. 3072 పెడితే కెర్నల్‌కు 1 జీబీయే మిగిలి, పాత గ్రాఫిక్స్ డ్రైవర్‌కు ఊపిరాడక లాగిన్ తర్వాత తెర నల్లబడింది. 2560తో తెర బాగుంది, హాష్ 512తో అదే స్థితి నిలబడింది, 768తో మళ్లీ ఆగింది. బిల్లింగ్ నడిచే యంత్రంలో బూట్ సెట్టింగులతో ఇంతకంటే ఆడుకోవడం నాకు ఇష్టం లేదు.

పాత యంత్రానికి 2005 నాటి ఫ్రూట్ 2.1 చాలునని మిత్రులు అంటున్నారు, అది నిజంగానే ముద్దొచ్చే ఇంజిన్, కానీ నాకు కావలసింది ఏనుగుల ఎండ్‌గేమ్‌లలో తప్పులేని తీర్పు. ఈ7500 స్వతహాగా 64 బిట్ ప్రాసెసరే కనుక, విడిగా ఒక చిన్న ఎస్‌ఎస్‌డీలో 64 బిట్ డెబియన్ లినక్స్‌ను తేలికైన డెస్క్‌టాప్ ఎల్‌ఎక్స్‌డీఈతో వేసి, కొట్టు కట్టేశాక దానిలోకి బూట్ చేస్తాను. ఉబుంటు రకాలకంటే పాత యంత్రాల మీద డెబియనే తేలికని నా అభిప్రాయం. అయితే ఈ ప్రాసెసర్‌లో ఎస్‌ఎస్‌ఈ4.1 ఆదేశాలు ఉన్నాయి, పాప్‌కౌంట్ ఆదేశం లేదు, అందువల్ల ఎస్‌ఎస్‌ఈ41-పాప్‌కౌంట్ అని ఉండే రెడీమేడ్ బైనరీ ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అంటూ పడిపోతుంది. మొదట ఎస్‌ఎస్‌ఎస్‌ఈ3 రకంతో, ఆ తర్వాత మేక్ కమాండ్‌లో పాప్‌కౌంట్‌ను మాత్రమే నో అని పెట్టి ఎస్‌ఎస్‌ఈ4.1 రకంతో కంపైల్ చేసి, రెండింటి బెంచ్ అంకెలనూ పక్కపక్కన పెడతాను. హాష్ 1024తో ఈ ఏడు పావుల స్థితే మొదటి పరీక్ష.